మా బూబు అతిథికి చెప్పిన తిండి

మా బూబు ఒంట్లో బాంబు ఎంత ఉందో మొట్టమొదట చూసింది నేనే. చూసి, మిషను చెడిపోయిందనుకుని దాన్ని కాలితో తన్నింది కూడా నేనే.

బూబు అంటే మా అమ్మమ్మ. పేరు లిమ్వేజో. మేము వొట్లాబ్ దీవుల వాళ్ళం అని చెప్పుకుంటాం గానీ నేను అప్పటికి వొట్లాబ్ చూసి ఎరగను. పుట్టింది, పెరిగింది, బడి ఎగ్గొట్టింది అంతా ఈబై అనే ఇరుకు దీవిలోనే. ఈబైలో ఇళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయంటే ఒక ఇంట్లో తుమ్మితే నాలుగో ఇంటివాళ్ళు ముక్కు తుడుచుకుంటారు. ఆ రేకుల ఇళ్ళ మధ్య వొట్లాబ్ వాళ్ళం ఒక మూల యాభై ఏళ్ళుగా సామాన్లు సర్దుకుని కూర్చుని ఉన్నాం, రేపో మాపో వెళ్ళిపోతామని.

బూబుకి పన్నెండేళ్ళప్పుడు ఎక్కడో దూరంగా మరో దీవి మీద అమెరికా వాళ్ళు బాంబు పేల్చారు. గాలి ఇటు తిరిగి, వొట్లాబ్ మీద తెల్లటి బూడిద రాలింది. పిల్లలు దాన్ని ఒళ్ళంతా పూసుకుని దయ్యాల ఆట ఆడారట. రెండు రోజుల తర్వాత ఓడ వచ్చి అందరినీ ఎక్కించుకుంది. చేతిలో చాప కూడా పట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత చాలామందికి గొంతులో గడ్డలు వచ్చాయి. బూబు మెడ మీద కూడా కోసిన గీత ఉంది. దాని గురించి బూబు మాట్లాడదు. మాట్లాడేది బిరో గుంట గురించి. సీమపనస పండ్లు ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఆకుల్లో చుట్టి, గుంటలో పూడిస్తే పులిసి ఏళ్ళకేళ్ళు నిలవుంటుంది. అదే బిరో. దాని వాసనకి కుక్కలు కూడా దారి మార్చుకుంటాయి. ఓడ రావడానికి వారం ముందు బూబు, వాళ్ళమ్మ కలిసి ఒక గుంట పూడ్చారు. దానికి అప్పుడప్పుడూ పై ఆకులు మార్చాలి. "ఆకులు మార్చలేదే, ఆకులు మార్చలేదే" అని యాభై ఏళ్ళు గుర్తుచేసింది, ఏదో నేనే మరిచిపోయినట్టు.

ఇక నా సంగతి. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను, ఒక్కసారీ పూర్తి చెయ్యలేదు. అయినా ఒళ్ళు కొలిచే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. రాత గుండ్రంగా ఉంటుందని, వెండెల్ చెప్పే జోకులకి నవ్వుతానని. వెండెల్ అమెరికా నుంచి వచ్చిన రేడియేషన్ లెక్కల మనిషి. పొడుగ్గా, ఎండకి రొయ్యలా ఎర్రబడి, ఎప్పుడూ చేతిలో కాగితాల అట్టతో ఉంటాడు. ఆఫీసులో ఒక పెద్ద కుర్చీ, దాని వెనక ఒక సీసపు దిమ్మ. మనిషి పావుగంట కదలకుండా కూర్చుంటే తిండితో ఒంట్లోకి సీసియం, అంటే ఆ బూడిద మన్నులో వదిలిన విషం, ఎంత చేరిందో తెర మీద అంకె వస్తుంది. ఇప్పుడు తింటున్నట్టే ఏడాదంతా తింటే ఎంత అవుతుందన్నది కూడా పక్కనే వస్తుంది. ఆ అంకె నూరు దాటకూడదు. ఏ ఒక్కరికీ దాటకూడదు. రెండు ప్రభుత్వాలూ, మా మేయరూ సంతకం పెట్టిన కాగితంలో అలా ఉంది. నూరుకి లోపలుంటే వొట్లాబ్ వెళ్ళొచ్చు. దాటితే లేదు.

ఆ నూరు లోపల ఉంటామో లేదో తేల్చడానికి మేము ఏం తింటామో వెండెల్‌కి తెలియాలి. బూబు ఆ కుర్చీ ఎక్కడానికి ఆరేళ్ళ ముందు ఆ తిండి లెక్క రాయడానికి ఇంటింటికీ తిరిగాం. అతను అడగడం, నేను మా మాటలో చెప్పడం, జవాబు రాయడం. నిన్న ఏం తిన్నారు, వారానికి ఎన్ని కొబ్బరి పీతలు, అంటే నేల మీద తిరిగే పెద్ద పీతలు, ఎన్ని మొగలి పండ్లు, ఎంత చేప. మొదటి ఇల్లు మా బూబుదే, పెద్ద మనిషి కదా అని.

మాలో ఎవరైనా గడప ముందు నిలబడి ఏం తింటారని అడిగితే వాడికి ఆకలేస్తోందని అర్థం. అలాంటివాడికి ఇంట్లో ఉన్నవాటిలో మంచిది ఏదో అది చెప్పాలి, చెప్పింది పెట్టాలి. పీత తింటాం, పండు నములుతాం అని తెల్లదొరకి చెబుతారా ఎవరైనా? బూబు వెంటనే అన్నం, డబ్బా మాంసం, డబ్బా చేప, బిస్కెట్లు, కాఫీ అని చెప్పింది. పీత ఎప్పుడైనా క్రిస్మస్‌కి అంది. చెప్పేశాక నా చెవి దగ్గరకి వంగి, పక్కింటికి వెళ్ళి ఒక మాంసం డబ్బా పట్రమ్మంది. మా ఇంట్లో అది లేదు మరి. డబ్బా ఇచ్చిన పక్కింటావిడ తన వంతు వచ్చినప్పుడు తానూ అదే చెప్పాలిగా. చెప్పింది. అప్పటికే మా ఇంట్లో పెట్టిన అన్నం, బిస్కెట్లతోనే వెండెల్ కడుపు నిండిపోయి డబ్బా విప్పవద్దని బతిమాలాడు. దాంతో ఆ డబ్బా మూత విప్పకుండా మూడో ఇంటికీ, నాలుగో ఇంటికీ ప్రయాణం చేసింది. దాన్ని గౌను జేబులో మోసింది నేను. ప్రతి ఇంటి దగ్గరా "డబ్బా మాంసం: రోజూ" అని గుండ్రంగా రాసింది కూడా నేనే. తప్పని తెలియదా అంటే తెలుసు. బూడిద పడని దక్షిణపు దీవుల నుంచి బంధువులు పంపే పీతల సంచి కోసం, మొగలి పండ్ల కోసం బూబు రేవులో ఓడకంటే ముందు కూర్చుంటుందని ఈబై అంతా తెలుసు. కానీ రాత అంత అందంగా కుదురుతుంటే కొట్టివెయ్యడానికి మనసు రాలేదు.

ఆ లెక్కన మా వాళ్ళందరికీ ఏడాదికి పదీ పన్నెండూ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా తిండి ఇంత నాజూకని మాకే తెలియదు.

తర్వాత వొట్లాబ్‌లో పని మొదలైంది. ఊరున్న దీవిలో మన్ను జానెడు లోతు గీకి తీసుకుపోయారు. ఇళ్ళ చుట్టూ తెల్లటి పగడపు గులక పరిచారు. చెట్ల మొదట్లో పొటాష్ చల్లారు. చెట్టుకి పొటాష్ కడుపునిండా దొరికితే సీసియం జోలికి పోదట, దాని నాలుకకి రెండూ ఒకటే రుచి. ఉత్తరపు చిన్న దీవుల్ని మాత్రం గీకలేదు. గీకితే అక్కడ మిగిలేది రాయే. అందుకని ఆ దీవుల్లో పీతగానీ పండుగానీ ముట్టకూడదని కాగితం పన్నెండో పేజీలో రాశారు. అందరం సంతకాలు పెట్టాం. పన్నెండో పేజీ దాకా ఎవరు చదువుతారు? ఆ ఉత్తరపు దీవుల్లో బోకెలాన్ అనేది మా బూబు తల్లి తరపు భూమి. మాకు భూమి తల్లుల నుంచే వస్తుంది. అంటే బూబు తర్వాత మా అమ్మది కావాలి, అమ్మ లేదు కాబట్టి నాది.

చివరికి పరీక్షగా బూబుతో కలిపి పదకొండు మంది పెద్దవాళ్ళని మూడు నెలలు వొట్లాబ్‌లో ఉంచారు. వాళ్ళతో బియ్యం బస్తాలు, చేప డబ్బాలు పంపారు. తిరిగొచ్చాక అందరూ కుర్చీలో కూర్చోవాలి. ఆ అంకెలు బాగుంటే నెల తిరిగేసరికి నలభై కుటుంబాలతో మొదటి ఓడ. అక్కడ కట్టిన ఇళ్ళలో మూడో నంబరుది బూబుకి రాశారు. ఆమెతో పాటు నేనూ, పడవల మీద పనిచేసే మా ఆయనా. నాకప్పుడు నాలుగో నెల.

బూబు తిరిగొచ్చింది. వెళ్ళేటప్పుడు ఎండిన తుంగలా ఉన్న మనిషి బుగ్గలు నింపుకుని దిగింది. బిరో గుంట దొరికిందా అని అడిగాను. గీకినవాళ్ళు మన్నుతో సహా ఎత్తుకుపోయారట. "పోనీలే, ఆకులు మార్చే పని తప్పింది" అంది.

మర్నాడు కుర్చీ. మొదటి పదిమందికీ ఇరవై లోపే వచ్చింది. బూబు కూర్చుంది. పావుగంట అయ్యాక తెర మీద నూట ముప్పై నాలుగు.

అప్పుడే నేను మిషనుని తన్నాను. తర్వాత బూబు మెడలో గవ్వల దండ తీయించాను. గౌను మార్పించాను. స్నానం చేయించాను. జుట్టులో ఇసక ఉందేమోనని దువ్వాను. చదువుకున్నదాన్ని కదా, ఏదీ వదల్లేదు. మళ్ళీ కూర్చోబెట్టాను. నూట ముప్పై నాలుగే.

"బూబూ, అక్కడ ఏం తిన్నావు?"

"అన్నం. డబ్బా చేప."

"నేను అతిథినా?"

బూబు కుర్చీ చేతుల మీద వేళ్ళతో కాసేపు తాళం వేసింది.

"బియ్యానికి పురుగు పట్టింది" అంది చివరికి. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. రెండో వారం నుంచే పడవ వేసుకుని బోకెలాన్ వెళ్ళడం మొదలుపెట్టింది. భూమి ఆమెది కాబట్టి దొరికిన ప్రతి పీతలోనూ పెద్ద భాగం తోటివాళ్ళు ఆమెకే పెట్టారు. ఎన్ని పీతలని అడిగాను. "నేను లెక్కపెట్టలేదే. పెంకులు పొదలో పడేశాను, వెళ్ళి లెక్కపెట్టుకో" అంది. యాభై ఏళ్ళ తర్వాత అమ్మ చెట్టు కింద కూర్చుని డబ్బా చేప తినమంటారా నన్ను అని ఎదురు తిరిగింది కూడా.

వెండెల్ మూడు రోజుల్లో వస్తాడు. చర్చి హాల్లో సభ పెట్టి, ఓడ కాగితం మీద సంతకాలు చేయిస్తాడు. ఈ ఒక్క అంకె అందులోకి వెళితే ఓడ లేదు. బూబుకే కాదు, నలభై ఇళ్ళకీ లేదు.

మేయరు జోరిం ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. బూబుకి అక్క కొడుకు వరస. అతనికి ఎవరు చెప్పారో తెలియదు గానీ చెప్పాగా, ఇక్కడ తుమ్మినా తెలుస్తుంది. చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. లేచి వెళుతూ గుమ్మంలో ఆగాడు.

"మిషను చెడిపోయిందని రాసెయ్యమ్మాయ్. అదెప్పుడూ చెడిపోతూనే ఉంటుందిగా. పిన్ని ఒక్కత్తి గురించి ఇంతమందిని రేవులో ఆపేస్తావా?"

నిజం చెప్పాలంటే నాకూ అదే తోచింది. ఈబై నుంచి బయటపడాలని ఎవరికి ఉండదు? అప్పటికే కలం తీసి, "మిషను" అనే మాట దాకా రాశాను. చాలా అందంగా వచ్చింది.

బూబు పక్కన కూర్చుని మొగలి పండు తొన నములుతోంది. ఇది దక్షిణపుది, మంచిది.

"అలా రాస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

"వచ్చే నెల ఓడ ఎక్కుతాం. మూడో నంబరు ఇల్లు."

"అక్కడ అందరూ ఏం తింటారు?"

"డబ్బాలు. కాగితంలో అలాగే ఉంది."

"అలా అని ఎవరు చెప్పారు?"

"నువ్వే బూబూ. నువ్వు చెప్పావు, నేను డబ్బా మోసుకుంటూ తిరిగాను, అందరూ నీ మాటే చెప్పారు."

బూబుకి నవ్వొచ్చింది. పండు పీచు పళ్ళలో ఇరుక్కునేంత నవ్వు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మధ్యలో ఆమె చూపు నా కడుపు మీద ఆగింది. మాలో కడుపుతో ఉన్నదానికే మొదటి ముక్క, మంచి ముక్క పెట్టాలి. అది పెట్టకుండా ఇంటి పెద్దది నోట్లో ఏదీ వేసుకోదు.

"బోకెలాన్‌లో పట్టిన మొదటి పీత నీకే కదే పెడతాను" అంది నెమ్మదిగా. "పెట్టకుండా ఎలా ఉంటాను?"

ఆ తర్వాత చాలాసేపు పీచు తీసుకుంటూ కూర్చుంది. నేను "మిషను" అనే మాట కొట్టేశాను. కొట్టేసిన గీత కూడా అందంగానే వచ్చింది. కానీ దాన్ని మెచ్చుకునే స్థితిలో లేను.

సభనాటికి బూబు మూడు కొబ్బరాకు బుట్టలు నింపింది. ఆమె అడిగిందని తెలిసి రేవులో అందరూ తలా ఒకటి ఇచ్చారు. ఉడికించిన పీతలు, మొగలి పండ్లు, కాల్చిన సీమపనస, ఒక ఆకు పొట్లంలో బిరో. హాల్లోకి పొట్లం కంటే ముందు దాని వాసన వెళ్ళింది. వెండెల్ కాగితాలు సర్దుకుంటున్నాడు. బూబు ఆ కాగితాల మీదే బుట్టలు దించింది. మేయరు ఏదో అనబోతే చేత్తో కూర్చోమంది.

"అప్పుడు నువ్వు అతిథివి. ఏం తింటారని అడిగావు, నీకు పెట్టేది చెప్పాను" అంది వెండెల్‌తో. "ఆరేళ్ళుగా మా గడపలు తొక్కుతున్నావు. ఇక నువ్వు ఇంటివాడివే. ఇది మేము తినేది. తిను. తిని మళ్ళీ అడుగు."

నేను మా మాట నుంచి అతని మాటలోకి మార్చి చెప్పాను. ఆ చెప్పడంలో డబ్బా కథ కూడా వచ్చేసింది. ఆ డబ్బా ఎవరి జేబులో తిరిగిందో కూడా చెప్పాల్సి వచ్చింది. వెండెల్ నా వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. చేతిలో కాగితం బోర్లించి పెట్టి, బిరో ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి బిరో వల్లనో, ఆరేళ్ళ లెక్క పోయినందుకో ఇప్పటికీ చెప్పలేను. మింగాడు. కొత్త కాగితం తీశాడు.

"వారానికి ఎన్ని పీతలు?"

"దొరికినన్ని."

"దొరికినన్ని అంటే ఎన్ని?"

"నువ్వు కూడా వస్తే తక్కువ. చప్పుడు చేస్తావు."

హాలంతా నవ్వింది. అక్కడితో కట్ట తెగింది. పక్కింటావిడ లేచి తాను బూబుకంటే ఎక్కువ తింటానంది. వెనక నుంచి ఒకాయన తన తల్లి ఆ ఇద్దరికంటే ఎక్కువ తినేదన్నాడు. ఆరేళ్ళ క్రితం మర్యాదకి పోటీ పడినవాళ్ళు ఇప్పుడు తిండికి పోటీ పడ్డారు. వెండెల్ ఆ గొప్పలు కూడా కొంత తగ్గించి రాసుకోవాల్సి వచ్చింది. అందరికంటే చివర మేయరు లేచి, పీతలు తనకీ ఇష్టమేనని చాలా గంభీరంగా ఒప్పుకున్నాడు.

లెక్క మళ్ళీ వెయ్యడానికి రెండు వారాలు పట్టింది. ఉత్తరపు దీవులతో కలిపి నచ్చినట్టు తింటే నూరు దాటుతుంది. ఊరి దీవిలో పొటాష్ వేసిన చెట్ల కాయలు, సముద్రపు చేప, కొంత బియ్యం అయితే నలభై. తేడా అంతా ఉత్తరంలోనే ఉంది. మరి ఉత్తరానికి ఎవరూ వెళ్ళరని నమ్మకం ఏమిటని వెండెల్ అడిగాడు. మేయరు పన్నెండో పేజీ తీసి చూపించాడు. ఎవరూ నవ్వలేదు గానీ నవ్వాపుకోవడం వినిపించింది. ఓడని ఏడాది వాయిదా వేశారు.

ఆ ఏడాది మాకు సుఖంగా గడవలేదు. సామాన్లు కట్టుకున్నవాళ్ళు మళ్ళీ విప్పుకుంటూ మా ఇంటి వైపు చూసేవాళ్ళు. చర్చిలో బూబు పక్క చోటు చాలా ఆదివారాలు ఖాళీగా ఉంది. వాయిదా ఏడాదిలో ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. పరీక్షకి బూబుతో కలిసి వెళ్ళినవాళ్ళే. ఒకాయన కూతురు ఎదురుపడి, మీ అమ్మమ్మ నోరు కట్టుకుని ఉంటే మా నాన్న తన ఇంట్లో పోయేవాడు అంది. బూబు తల వంచుకుని విన్నది. నాకు తెలిసి ఆమె తల వంచుకోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి వారమే మా దొర దగ్గరికి, అంటే మా దీవుల పెద్ద దగ్గరికి వెళ్ళింది. నన్నూ తీసుకెళ్ళింది. అప్పటికి నా కూతురు చంకలో ఉంది. బోకెలాన్‌కి మో వెయ్యమని అడిగింది. మో వేసిన చోట ఎవరూ అడుగు పెట్టరు, పక్షి గుడ్డు కూడా ముట్టరు. దానికి పేజీ నంబరు లేదు, సంతకం లేదు. మా తాతల నాటి మోలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. బోకెలాన్‌తో పాటు మిగతా ఉత్తరపు దీవులకీ వేస్తానన్నాడు దొర. సొంత భూమినే ముందు తెచ్చి పెట్టిన మనిషి ఎదురుగా ఉంటే మిగతా దీవుల వాళ్ళు కాదనలేకపోయారు.

తిరిగొస్తుంటే దారిలో నాకు ఉక్రోషం ఆగలేదు. నాకు రావలసిన దీవిని నా కళ్ళ ముందే మూయించేసింది.

"ముప్పై ఏళ్ళకి గానీ ఆ విషం సగం తగ్గదట" అన్నాను.

"మంచిదే. ముప్పై ఏళ్ళకి సగం దీవి నీకొస్తుంది."

ఆ మోని నమ్మి అందరూ ఓడ కాగితం మీద సంతకాలు పెట్టారు. ఇప్పుడు మేము వొట్లాబ్‌లోనే, మూడో నంబరు ఇంట్లో ఉన్నాం. బూబు గులక మీద చాప వేసుకుని కూర్చుని, డబ్బా చేపని తిడుతూ తింటుంది. పొటాష్ వేసిన చెట్టు పండుకి రుచి లేదంటుంది, ఆ పండే అయిదు తింటుంది. వాయిదాకి తిట్టిన ఆ కూతురు మాకు ఎదురిల్లే. బూబు కొత్త బిరో గుంట పూడిస్తే ఆకులు మార్చడానికి ఆమే వస్తుంది. కుర్చీ ఏడాదికోసారి ఓడ మీద వస్తుంది. దాన్ని నడిపేది నేనే, ఇక్కడికొచ్చాక నాకంటే ఎక్కువ చదివినవాళ్ళు దొరకలేదు.

మొన్న కుర్చీ వచ్చింది. బూబు వంతు రాగానే కూర్చోబోతూ ఆగింది.

"ముందు రాసుకో. ఒక పీత."

నేను కలం ఎత్తాను. "ఎక్కడిది?"

"బోకెలాన్‌దే అయ్యుంటుంది, పెద్దది. నీళ్ళు వెనక్కి పోయి పాటు తీసినప్పుడు పగడపు దిబ్బ మీదుగా అదే నడిచి మన పొదలోకి వచ్చింది. నేను మో దాటలేదు. దాటింది అది."

"నా కూతురికి పెట్టావా?"

"లేదు. దానికి డబ్బా చేప పెట్టాను. మూతి తిప్పుకుంది పాపం."

"నాకు?"

"నువ్వు లెక్కలు రాసేదానివి. నీకెలా పెడతాను?"

పీత: ఒకటి, అని రాశాను. తెర మీద నలభై ఆరు వచ్చింది. ఒక పీతకి అది సరిపోతుంది. మిషనుని తన్నలేదు.